ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసినవాడు వెబ్ డెవలపర్ అవ్వాలంటే

రాత్రి షిఫ్టు అయ్యాక కంపెనీ బస్సులోంచి ఫోన్ చేస్తుంటారు మా జూనియర్లు. వెనకాల ఇంజిన్ మోత, పక్క సీట్లో ఎవరిదో గురక. "అన్నా, నాది ఆర్గానిక్‌లో ఎమ్మెస్సీ. రెండేళ్ల నుంచి బొల్లారంలో ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తున్నా. వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటే మారిపోవచ్చా?" మొన్న ఫోన్ చేసిన అమ్మాయిదీ ఇదే ప్రశ్న. కొన్నేళ్ల కిందట ల్యాబ్ కోటు వేసుకుని నేను ఇంకొకాయన్ని అడిగిందీ ఇదే. "కష్టపడితే ఏదైనా సాధించొచ్చు తమ్ముడూ" అన్నాడాయన. దానితో నాకు ఒరిగిందేమీ లేదు.

ఎందుకంటే ఆ "మారిపోవచ్చా"లో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. కోడ్ రాయడం నాకు వస్తుందా? వచ్చినా, ఉద్యోగం ఇచ్చేవాళ్లు నన్ను గుమ్మం దాటనిస్తారా? ఈ రెండూ తేలేదాకా ఇంటి అద్దె ఎవరు కడతారు? మొదటిది మనం భయపడినంత కష్టమేమీ కాదు. రెండోది మనం ఊహించినదానికంటే చాలా కష్టం. మూడోదాని గురించి కోర్సులు అమ్మేవాళ్లు ఎవరూ నోరు విప్పరు.

సైన్సు మీద విరక్తితో సైన్సు వదిలేసినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. లెక్క కుదరక వదిలేసినవాళ్లే ఎక్కువ. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకున్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. అంతకుముందు 31,000 ఉండేది. రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్) అయితే 42,000. పైన ఇంటి అద్దె భత్యం. అన్నీ కలిపి ఐదేళ్లు. ఐదేళ్లు దాటినా థీసిస్ తేలకపోతే ఏమవుతుందో ప్రతి ల్యాబులోనూ ఒక సీనియర్ ముఖం చూస్తే తెలుస్తుంది. నెట్ రానివాళ్లు మందుల ఫ్యాక్టరీలుండే జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు బస్సెక్కుతారు. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. ఆదివారం రూముకొస్తే బీటెక్ చేసిన రూమ్మేట్ మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మీటింగులో ఉంటాడు. పోలిక అక్కడ మొదలవుతుంది.

ఆ పోలికలో ఒక తప్పుంది. మనం చూసేది ఐదేళ్ల అనుభవం ఉన్న రూమ్మేట్ జీతం. మనం వెళ్లి కూర్చోబోయేది ఫ్రెషర్ కుర్చీలో. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ చాలా ఏళ్లుగా మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. చేతికొచ్చేది నెలకు పాతికవేలు అనుకోండి. అంటే జేఆర్‌ఎఫ్ వదిలి వచ్చినవాడికి మొదటి ఏడాది జీతం తగ్గుతుంది. ఈ ముక్క ముందే ఇంట్లో చెప్పి పెట్టుకోవాలి. తర్వాత చెబితే అది సంజాయిషీలా ఉంటుంది.

ల్యాబు నేర్పినది ఎక్కడ పనికొస్తుంది

రెజ్యూమెలో "అనలిటికల్ స్కిల్స్" అని రాస్తాం. ఆ మాటకు విలువ లేదు, అందరూ రాస్తారు. ల్యాబులో నిజంగా నేర్చుకున్నది వేరే ఉంది. అదేంటో నాకు ఒక తేదీ వల్ల తెలిసింది.

నేను మొదట చేరింది ఒక చిన్న కంపెనీలో. ల్యాబులకు వచ్చే శాంపిళ్ల వివరాలు చూపించే వెబ్ అప్లికేషన్ మీద పని. ఒకరోజు న్యూజెర్సీ నుంచి క్లయింట్ ఫిర్యాదు పంపాడు. శాంపిల్ అందింది మార్చి 5న, పేజీలో మాత్రం మార్చి 4 అని కనిపిస్తోందట. మేం హైదరాబాద్‌లో తెరిస్తే శుభ్రంగా 5 అనే ఉంది. డేటాబేసులోనూ 5 అనే ఉంది. నాకంటే ఎంతో వేగంగా కోడ్ కొట్టే ఇద్దరు కుర్రాళ్లు పొద్దున్నుంచి దాని మీద కూర్చున్నారు. అనుమానం వచ్చిన చోటల్లా మార్చారు. ఒకేసారి నాలుగు ఫైళ్లు మార్చి, మళ్లీ పంపి, క్లయింట్‌ను చూడమన్నారు. ఆయన "ఇంకా 4 అనే ఉంది" అన్నాడు. సాయంత్రానికి తాము ఏం మార్చారో వాళ్లకే గుర్తులేదు.

ల్యాబులో రియాక్షన్ పోతే ఇలా చేయనివ్వరు. సాల్వెంట్, టెంపరేచర్, కేటలిస్ట్ మూడూ ఒకేసారి మారిస్తే గైడు చేతిలో చీవాట్లే. ఒక్కటి మార్చు, మిగతావన్నీ కదలకుండా ఉంచు, రాసుకో. నాకు జావాస్క్రిప్ట్ సరిగ్గా రాదు అప్పటికి. కానీ అక్కడికీ ఇక్కడికీ తేడా ఏంటని ఆలోచిస్తే కోడ్ ఒకటే, డేటా ఒకటే, బ్రౌజర్ ఒకటే. మారింది ఊరు. నా ల్యాప్‌టాప్ గడియారాన్ని న్యూయార్క్ టైముకు మార్చి పేజీ రిఫ్రెష్ చేశాను. తేదీ 4కి వెళ్లిపోయింది.

కారణం తర్వాత చదివితే తెలిసింది. జావాస్క్రిప్ట్‌కు టైము లేకుండా ఉత్త తేదీని 2019-03-05 అని ఇస్తే, అది దాన్ని గ్రీనిచ్ కాలం ప్రకారం అర్ధరాత్రి అనుకుంటుంది. మనం ఐదున్నర గంటలు ముందున్నాం కాబట్టి మనకది 5వ తేదీ ఉదయం ఐదున్నర. తేదీ మారదు, తప్పు కనిపించదు. న్యూజెర్సీ ఆ రోజుల్లో ఐదు గంటలు వెనక ఉంటుంది. వాళ్లకది 4వ తేదీ రాత్రి ఏడు. ఇండియా టైముతో ఎన్నిసార్లు చూసినా ఈ తప్పు దొరకదు.

ఇంకో సంగతి ఉంది. ఆ కుర్రాళ్లకు అది "డిస్‌ప్లేలో చిన్న ఇష్యూ". ఫార్మా ల్యాబులో పనిచేసినవాడికి అది గుండె ఆగే విషయం. రికార్డులో శాంపిల్ తేదీ ఒక రోజు అటూ ఇటూ ఉంటే ఆడిట్‌కు వచ్చినవాళ్లు వదలరు, దిద్దారా అని అడుగుతారు. దాన్ని ఆ రోజే సరిచేసి తీరాలని మేనేజరుకు చెప్పగలిగింది ఆ గదిలో నేనొక్కణ్నే. జీతం పెంచలేదనుకోండి. కానీ అప్పటినుంచి మీటింగులకు పిలవడం మొదలుపెట్టారు.

సైన్సు తెలియనివాళ్లు సాఫ్ట్‌వేర్ రాస్తే ఏమవుతుందో జీవశాస్త్రం వాళ్లకు బాగా తెలుసు. మనిషి జన్యువుల్లో సెప్ట్2 అని, మార్చ్1 అని పేర్లుండేవి. ఎక్సెల్‌లో టైపు చేస్తే అది వాటిని సెప్టెంబరు 2, మార్చి 1 చేసేది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పేపర్లలో దాదాపు ఐదోవంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక పరిశీలన తేల్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. సెప్ట్2 ఇప్పుడు సెప్టిన్2. ఆ మార్పిడిని ఆపుకునే వీలు మైక్రోసాఫ్ట్ ఇచ్చింది 2023లో. శాస్త్రవేత్తలు జన్యువుకు పేరు మార్చడం తేలికైంది, స్ప్రెడ్‌షీట్ మార్చడం కష్టమైంది. రెండు వైపులా తెలిసిన మనిషికి పని ఎక్కడుందో ఇంతకంటే వివరంగా చెప్పలేను.

అసలు వెబ్ పుట్టిందే ల్యాబులో. ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ చదివిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లో ఈ ప్రతిపాదన పెట్టాడు. వచ్చిపోయే భౌతికశాస్త్రవేత్తల కాగితాలు, సమాచారం ఒకచోట దొరకడం లేదన్నదే ఆయన గొడవ. యూరప్ బయట మొదటి వెబ్ సర్వర్ 1991 చివర్లో అమెరికాలోని స్లాక్‌లో పెట్టారు. అదీ ఫిజిక్స్ ల్యాబే. ఇంటర్వ్యూలో "కెమిస్ట్రీ నుంచి ఇటెందుకొచ్చావ్" అని వెటకారంగా అడిగినప్పుడు చెప్పుకోవడానికి బాగుంటుంది. ఉద్యోగం దానివల్ల రాదు.

ల్యాబు నేర్పినది ఎక్కడ అడ్డొస్తుంది

మనకున్న అలవాట్లలో కొన్నిటిని వదిలించుకోవాలి. అన్నిటికంటే మొండిది, ఖాయమయ్యేదాకా నోరు విప్పకపోవడం. ఎన్‌ఎంఆర్, మాస్ పరీక్షలు రెండూ సరిపోలితే తప్ప కాంపౌండ్ వచ్చిందని చెప్పకూడదని మనకు నూరిపోశారు. వెబ్‌లో సగం పనిచేసేది పొద్దున చూపించాలి, మధ్యాహ్నం తిట్లు తినాలి, సాయంత్రం మార్చాలి. నేను మొదటి నెలలో ఒక ఫారం పేజీని ఎవరికీ చూపించకుండా తొమ్మిది రోజులు చెక్కాను. పదో రోజు చూపిస్తే "అసలు ఈ ఫారం వద్దనుకున్నాం కదా, చెప్పలేదా?" అన్నారు.

రెండోది లిటరేచర్ సర్వే జబ్బు. పని మొదలుపెట్టే ముందు ఉన్నదంతా చదవాలనిపిస్తుంది. ఒక కోర్సు, దాని తర్వాత ఇంకో కోర్సు, వెబ్ పేజీలు కట్టే టూల్స్‌లో రియాక్టా యాంగ్యులరా అని పదిహేను వీడియోలు. ఎనిమిది నెలలు గడిచినా సొంతంగా ఒక్క పేజీ ఉండదు. పీహెచ్‌డీ చేసినవాళ్లలో ఇది మరీ ఎక్కువ.

మూడోది "నాకు పైథాన్ వచ్చు" అనే ధీమా. డేటా ప్లాట్ చేయడానికి నోట్‌బుక్‌లో రాసుకున్న కోడ్‌ను చదివేది మనమొక్కరమే. అందులో a1, a2, final, final_new అని పేర్లుంటాయి. పై సెల్ (కోడ్ ముక్క) నడపకుండా కింది సెల్ నడిపితే పేలిపోతుంది. కంపెనీలో అదే కోడ్‌ను ఇంకొకడు ఆరునెలల తర్వాత అర్ధరాత్రి తెరిచి బాగుచేయాలి. గిట్ (కోడ్‌లో ఎప్పుడు ఏం మారిందో దాచిపెట్టే టూల్), టెస్టులు, కోడ్ రివ్యూ, ఇవన్నీ ఆ ఇంకొకడి కోసం. రివ్యూ అంటే మనకు నెలలు పట్టే జర్నల్ రివ్యూ గుర్తొస్తుంది. ఇక్కడ ఇరవై మూడేళ్ల కుర్రాడు రెండు గంటల్లో "ఈ ఫంక్షన్ అక్కర్లేదు, తీసేయండి" అని రాస్తాడు. డాక్టరేట్ ఉన్నవాళ్లకు ఆ ఒక్క లైను మింగుడుపడక రాత్రి నిద్ర పట్టదు. పడుతుంది, మూడు నెలలకు.

ఏది ముందు నేర్చుకోవాలి అంటే నా జవాబు చిన్నది. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, ఉత్త జావాస్క్రిప్ట్. మూడు నెలలు ఇంకేదీ ముట్టుకోవద్దు. బ్రౌజరులో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, బటన్ నొక్కితే ఏం వెళ్తోంది, ఏం వస్తోంది అని చూడటం అలవాటు చేసుకోండి. రియాక్షన్ ఎంతదాకా వచ్చిందో తెలియడానికి ల్యాబులో టీఎల్‌సీ ప్లేటు చూసినట్టు చూడాలి. ఆ తర్వాత ఎస్‌క్యూఎల్ (డేటాబేసును అడిగే భాష), ఒక బ్యాకెండ్ (సర్వర్ వైపు కోడ్), రియాక్ట్. గిట్ మాత్రం మొదటిరోజు నుంచే.

గుమ్మం దగ్గర

ఇప్పుడు రెండో ప్రశ్న. అమీర్‌పేట మైత్రివనం దగ్గర నిలబడితే తలకు తగిలేంత కిందికి బోర్డులు. జావా ఫుల్ స్టాక్, పైథాన్ ఫుల్ స్టాక్. నాలుగైదు నెలల కోర్సు, జిరాక్సు నోట్సు, చివర్లో ఒక ప్రాజెక్టు. ఇన్‌స్టిట్యూట్లను తిట్టను. తక్కువ డబ్బుకి బాగా చెప్పే సార్లు అక్కడున్నారు, నేనూ ఒక బ్యాచ్‌లో మెట్ల మీద కూర్చుని విన్నాను. చిక్కంతా ఆ చివరి ప్రాజెక్టుతోనే. బ్యాచ్‌లో నూట ఇరవై మంది ఉంటే నూట ఇరవై రెజ్యూమెల్లోనూ అదే ఆన్‌లైన్ షాపింగ్ సైటు.

ఆ నూట ఇరవైలో బీటెక్‌లు ముందుకెళ్తారు. ఫ్రెషర్ల డ్రైవ్ ఫారంలో బీఈ, బీటెక్, ఎంసీఏ అని ఉంటుంది. ఎమ్మెస్సీ పక్కన చాలాసార్లు కంప్యూటర్స్ అని కూడా ఉంటుంది. పాసైన సంవత్సరం ఈ ఏడాదో, కిందటేడాదో అయ్యుండాలి. 2019లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసైనవాడి రెజ్యూమెను మనిషి చూడకముందే ఫారం పక్కనపెట్టేస్తుంది. కోడింగ్ ఎంత బాగా వచ్చినా ఇందులో మార్పుండదు. ఈ గుమ్మం మీద రెండేళ్లు తల బాదుకున్నవాళ్లను చూశాను.

ఆ నిస్పృహలోనే కన్సల్టెన్సీ వాడు తగులుతాడు. మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతాం, ఆఫర్ లెటర్, పేస్లిప్పులు అన్నీ మేమే చూసుకుంటాం అంటాడు. నైతికత సంగతి అటుంచి, అది సాంకేతికంగానే నిలబడదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు అడుగుతారు. పీఎఫ్ ఖాతాలో మీరు ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెలదాకా ఉన్నారో వరుసగా ఉంటుంది. ఫార్మాలో చేసినవాడికి ఆ రికార్డు ఇప్పటికే ఉంది, కాబట్టి వాడు ఇంకా ముందు దొరుకుతాడు. చేరిన ఎనిమిది నెలలకు తీసేశాక, అసలు ఉన్న అనుభవం చెప్పుకోవడానికి కూడా మొహం చెల్లదు.

మరి దారేది? నా అనుభవంలో కెమిస్ట్రీ నుంచి వచ్చినవాళ్లలో ఎక్కువమంది గోడ దూకలేదు, పక్కకు జరుగుతూ వచ్చారు. ల్యాబు చుట్టూ చాలా సాఫ్ట్‌వేర్ ఉంది. శాంపిళ్ల లెక్క చూసే లిమ్స్, ఎలక్ట్రానిక్ ల్యాబ్ నోట్‌బుక్, క్లినికల్ ట్రయల్ డేటా, పరికరాల నుంచి ఫలితాలు లాగే ప్రోగ్రాములు. ఇవి తయారుచేసేవాళ్లకు హెచ్‌పీఎల్‌సీ (శాంపిల్‌లో ఏమేం ఉన్నాయో విడదీసి చూపే పరికరం) అంటే ఏంటో వివరించక్కర్లేని మనిషి కావాలి. మీ కంపెనీ కొత్త లిమ్స్ తెస్తుంటే, ఎవరూ తీసుకోని ఆ టెస్టింగ్ పని మీరు అడిగి తీసుకోండి. వెండార్, అంటే ఆ లిమ్స్ అమ్మే కంపెనీ మనుషులతో పరిచయమవుతుంది. వాళ్ల దగ్గర ఇంప్లిమెంటేషన్ ఉద్యోగం, అక్కడినుంచి డెవలప్‌మెంట్. ఇందులో ఒక ఊబి కూడా ఉంది. వాలిడేషన్ డాక్యుమెంట్లు (సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందని రుజువు చూపే కాగితాలు) రాసే పనిలో దిగబడితే కోడ్ ముట్టుకోకుండానే ఐదేళ్లు గడిచిపోతాయి. ఏడాది దాటితే పక్కకు చూసుకోవాలి.

షాపింగ్ సైటు బదులు మీ ల్యాబుకు పనికొచ్చేది ఒకటి చేయండి. నేను చేసింది సీసాల లెక్క. టీహెచ్‌ఎఫ్, ఈథర్ లాంటి సాల్వెంట్లు మూత తీశాక నిల్వ ఉంచితే పెరాక్సైడ్లు తయారవుతాయి, ఆదమరిస్తే పేలతాయి. సీసా మీద తెరిచిన తేదీ రాయాలని రూలు. మార్కర్‌తో రాస్తారు, అసిటోన్ తగిలి చెరిగిపోతుంది. ఏ సీసా ఎప్పుడు తెరిచారో రాసుకుని, మూణ్ణెల్లు దాటితే ఎర్రగా చూపించే పేజీ ఒకటి కట్టాను. చూడటానికి దరిద్రంగా ఉండేది. కానీ ఇంటర్వ్యూలో వాళ్లు నలభై నిమిషాలు దాని గురించే అడిగారు. ఒకే సీసాను ఇద్దరు ఒకేసారి ఎంటర్ చేస్తే ఏమవుతుంది, ఎవరు మార్చారో ఎలా తెలుస్తుంది అని. నాకు జవాబులు వచ్చాయి, ఎందుకంటే ఆ రెండూ మా ల్యాబులో నిజంగా జరిగి గొడవలయ్యాయి.

అమెరికాలో పీహెచ్‌డీ చేస్తూ ఫోన్ చేసేవాళ్లకు చిక్కు వేరు. ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద కొంతకాలం పనిచేసే అనుమతి) మీద చేసే ఉద్యోగం డిగ్రీకి నేరుగా సంబంధించినదై ఉండాలి. కెమిస్ట్రీ డిగ్రీతో మాలిక్యూల్ బొమ్మలు గీసే వెబ్ టూల్ మీద పనిచేస్తే వాదించుకోవచ్చు, రెస్టారెంటు వెబ్‌సైటుకు ఏం వాదిస్తారు? హెచ్‌1బీ వర్క్ వీసాలోనూ డిగ్రీకీ పనికీ సంబంధం చూస్తారు. యూనివర్సిటీలో పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి) లాటరీ లేకుండా వచ్చిన హెచ్‌1బీ, మామూలు ప్రైవేటు కంపెనీకి మారాలంటే ఏటా 85,000 పరిమితి ఉన్న లాటరీలోకి వెళ్లాల్సిందే. ముందు యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు వాళ్లను కలవండి, కోర్సులు తర్వాత కొనుక్కోవచ్చు.

పీహెచ్‌డీ మధ్యలో వదిలేయాలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. చివరి ఏడాదిలో ఉంటే ముగించండి. మొదటి ఏడాదిలోనే మనసు విరిగిపోతే లాగకండి. మూడో ఏడాదిలో ఉన్నవాళ్లకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇక అద్దె సంగతి. ఉద్యోగం మానేసి నేర్చుకుంటానంటే నేను వద్దంటాను. షిఫ్టు చేస్తూ రోజుకు రెండు గంటలు నేర్చుకుంటే ఏడాదిన్నర పడుతుంది. మానేస్తే ఏడెనిమిది నెలల్లో నేర్చుకోవచ్చు గానీ, ఆ తర్వాత ఉద్యోగం వెతికే నెలలు ఎన్నో ఎవరూ చెప్పలేరు. ఆ నెలల్లోనే టెన్షన్ పెరుగుతుంది, కన్సల్టెన్సీ వాడి మాట తీయగా వినిపిస్తుంది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటినుంచి ఇంకో మెలిక. లాగిన్ పేజీ, ఫారం, టేబుల్, అంటే ఫ్రెషర్లు చేతులు తిప్పుకోవడానికి ఇచ్చే పనులన్నీ ఇప్పుడు మెషీన్ క్షణాల్లో రాసిపెడుతుంది. రాసింది తప్పో ఒప్పో చూడగలవాడు కావాలి. తేదీ ఎందుకు తప్పొచ్చిందో అది చాలాసార్లు చెప్పేస్తుంది, కానీ ల్యాబులో ఆ తేదీ తప్పితే ఎవరి ఉద్యోగం పోతుందో దానికి తెలియదు. ఇది మనకు మేలా కీడా అంటే, సీసాల పేజీ లాంటిది చేసినవాళ్లకు కొంచెం మేలు, షాపింగ్ సైటు వాళ్లకు బాగా కీడు అనుకుంటున్నాను. రెండేళ్లు పోతే ఈ మాట కూడా మార్చుకోవాల్సి రావచ్చు.

బొల్లారం అమ్మాయికి ఇవన్నీ చెప్పలేదు. మీ ల్యాబులో అందరూ తిట్టుకునే రిజిస్టర్ ఏది అని మాత్రం అడిగాను. హెచ్‌పీఎల్‌సీ కాలమ్‌ల (శాంపిల్ వెళ్లే గొట్టాల) వాడకం రిజిస్టర్ అంది. ఏ కాలమ్‌లోకి ఎన్నిసార్లు శాంపిల్ ఎక్కించారో చేత్తో కూడాలట. నిన్న రాత్రి ఒక లింకు పంపింది. ఫోనులో తెరిస్తే టేబుల్ సగం స్క్రీను బయటికి పోయింది, కూడిక మాత్రం సరిగ్గానే ఉంది. ఆ సంగతే చెప్పాను. "ల్యాప్‌టాప్‌లో బాగానే వచ్చిందన్నా" అంది. నీ ఫోనులో చూశావా అన్నాను. కాసేపు ఇంజిన్ మోత ఒక్కటే వినబడింది. "దిగాక చూస్తా" అని పెట్టేసింది.